అగ్నిమాపక జలవ్యవస్థలకు ప్రభుత్వ నిధులు: జీడిమెట్ల ఉదాహరణ

విషయక్రమం
8.0 లక్ష్యాలు
8.1 ప్రవేశిక
8.2 మంటలార్పే నీటి ప్రత్యేక లక్షణాలు
8.3 ఎంత నీరు కావాలి?
8.4 బాధ్యత ఎవరిది?
8.5 నిధుల మార్గాలు
8.6 అడవి అంచున ఉన్న ఆవాసాలు
8.7 ఇతర దేశాల అనుభవం
8.8 జీడిమెట్లకు అన్వయం
8.9 సారాంశం
8.10 ముఖ్య పదాలు
8.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

8.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మంటలార్పే నీటిని ప్రజా వస్తువుగా ఎందుకు పరిగణిస్తారో వివరించగలుగుతారు.
• ఒక పట్టణానికి కావలసిన అగ్నిమాపక జల పరిమాణాన్ని లెక్కగట్టగలుగుతారు.
• ఈ వ్యవస్థలకు కేంద్ర, రాష్ట్ర, స్థానిక స్థాయిల్లో ఉన్న నిధుల మార్గాలను గుర్తించగలుగుతారు.
• ఖర్చును ఎవరు, ఏ ప్రాతిపదికన భరించాలన్న చర్చలో మీ అభిప్రాయాన్ని కారణాలతో చెప్పగలుగుతారు.

8.1 ప్రవేశిక

గత భాగంలో తాగునీటి సరఫరాకు అయ్యే ఖర్చును నీటి చార్జీల ద్వారా ఎలా రాబట్టుకుంటారో తెలుసుకున్నారు. మీటరు తిరిగిన మేరకు బిల్లు కట్టడం అక్కడి సూత్రం. అయితే ఏ మీటరులోనూ కనిపించని నీరు ఒకటుంది. అది మంటలు ఆర్పడానికి నిల్వ ఉంచవలసిన నీరు. సంవత్సరంలో చాలా రోజులు దాన్ని ఎవరూ వాడరు. అవసరమైన రోజున అది లేకపోతే జరిగే నష్టానికి లెక్క ఉండదు. వాడని నీటికి డబ్బు ఎవరు కట్టాలి? ఈ భాగంలోని ప్రధాన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నను జీడిమెట్ల ఆధారంగా పరిశీలిద్దాం. హైదరాబాదుకు ఉత్తరాన, నేటి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్న ఈ పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు, రసాయనాలు, ప్లాస్టిక్, ఇంజనీరింగ్ పరిశ్రమలు పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఆనుకొని షాపూర్‌నగర్, చింతల్, సుభాష్‌నగర్, గాజులరామారం వంటి జనసాంద్రత గల కాలనీలు, కార్మికుల బస్తీలు ఉన్నాయి. మరోవైపు దూలపల్లి రిజర్వు అడవి, అక్కడే రాష్ట్ర అటవీ అకాడమీ ఉన్నాయి. అంటే కర్మాగారం, ఇల్లు, అడవి అనే మూడూ ఒకదాని హద్దును మరొకటి తాకే ప్రాంతం ఇది. 2024 నవంబరులో దూలపల్లి రోడ్డు సమీపంలోని ఒక ప్లాస్టిక్ సంచుల కర్మాగారంలో మంటలు చెలరేగినప్పుడు, వాటిని అదుపు చేయడానికి ఫైరింజన్లతో పాటు నీటి ట్యాంకర్లు కూడా గంటల తరబడి పనిచేయవలసి వచ్చింది.

8.2 మంటలార్పే నీటి ప్రత్యేక లక్షణాలు

తాగునీటికి, మంటలార్పే నీటికి మూడు ముఖ్యమైన తేడాలున్నాయి.

(అ) పరిమాణం తక్కువ, వేగం ఎక్కువ: ఇంటి వాడకం రోజంతా పరచుకొని ఉంటుంది. మంటలకు కావలసిన నీరు కొద్ది గంటల్లోనే, ఒకే చోట కావాలి. ఒక గొట్టంలో నీటి ప్రవాహం రెట్టింపయితే రాపిడి వల్ల కోల్పోయే ఒత్తిడి సుమారు నాలుగు రెట్లవుతుంది. అందువల్ల ఇళ్ల అవసరానికి సరిపోయే సన్నని పైపు మంటల సమయంలో చాలదు. పెద్ద పైపు, పెద్ద పంపు, పెద్ద ట్యాంకు ముందే నిర్మించి ఉండాలి. ఇవన్నీ స్థిర వ్యయాలు. వాడినా వాడకపోయినా వాటి ఖర్చు తప్పదు.

(ఆ) లాభం అందరిదీ: ఒక షెడ్డులో పుట్టిన మంటను ఆర్పితే ఆ యజమానికే కాక పక్క షెడ్డుకు, వెనక బస్తీకి కూడా రక్షణ కలుగుతుంది. పన్ను కట్టని వాడి ఇంటిని మాత్రం వదిలేసి మంటలార్పడం సాధ్యం కాదు. ఇలా లాభం నుంచి ఎవరినీ మినహాయించలేని వస్తువులను ప్రజా వస్తువులు అంటారని మీరు మొదటి ఖండంలో చదివారు. ఇలాంటి వస్తువును మార్కెట్టుకే వదిలేస్తే, ‘పక్కవాడు కడతాడులే’ అని ప్రతివాడూ అనుకోవడం వల్ల కావలసినంత ఉత్పత్తి కాదు.

(ఇ) ఎల్లవేళలా సిద్ధంగా ఉండాలి: వీధి హైడ్రెంటు పనిచేయాలంటే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉండాలి. హైదరాబాదులో చాలా ప్రాంతాలకు నల్లా నీరు రోజు విడిచి రోజు, కొద్ది గంటలు మాత్రమే వస్తుంది. నీరు వదలని సమయంలో ఆ పైపుకు హైడ్రెంటు బిగించినా ప్రయోజనం లేదు. అందువల్ల మన నగరాల్లో మంటలార్పే నీరు ప్రధానంగా ఫైరింజన్ల ట్యాంకుల్లో, ట్యాంకర్లలో, భవనాల సంపుల్లో ఉంటుంది.

నీరు అన్ని మంటలకూ మందు కాదన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. ద్రావకాల మంటలకు నురుగు కావాలి. సోడియం వంటి లోహాలపై నీరు పోస్తే ప్రమాదం పెరుగుతుంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా మరణించారు. అటువంటి పేలుళ్లను ఎంత నీరున్నా ఆపలేము. వాటికి పరిశ్రమ లోపలి భద్రతా చర్యలే మార్గం. నీటి వ్యవస్థపై పెట్టే ఖర్చు తనిఖీలకు ప్రత్యామ్నాయం కాదు.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి - 1
1. నీటి మీటరు ఆధారంగా అగ్నిమాపక జలానికి చార్జీ వసూలు చేయడం ఎందుకు కష్టం?
2. రోజు విడిచి రోజు సరఫరా ఉన్న చోట హైడ్రెంట్ల పరిమితి ఏమిటి?

8.3 ఎంత నీరు కావాలి?

మన దేశంలో నీటి సరఫరా పథకాల రూపకల్పనకు కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ మాన్యువల్‌ను అనుసరిస్తారు. 50,000కు మించిన జనాభా గల పట్టణాలకు అది ఇచ్చే సూత్రం సులభమైనది. జనాభాను వేలలో తీసుకొని దాని వర్గమూలాన్ని 100తో గుణిస్తే రోజుకు కావలసిన అగ్నిమాపక జలం కిలోలీటర్లలో వస్తుంది. ఈ నీటిలో మూడో వంతు సరఫరా ట్యాంకుల్లో నిల్వ ఉండాలని, మిగిలినది పట్టణంలోని ముఖ్యమైన చోట్ల స్థిర తొట్లలో ఉంచాలని మాన్యువల్ సూచిస్తుంది. వీలున్న చోట ఆ తొట్లను సమీపంలోని చెరువులు, వాగులు, కాలువల నీటితో నింపవచ్చు.

ఉదాహరణ 1: జనాభా 4 లక్షలు అనుకుందాం. వేలలో 400. దాని వర్గమూలం 20. కావలసిన నీరు 2,000 కిలోలీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు. ఇదే పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున తాగునీటి అవసరం 54,000 కిలోలీటర్లు. అంటే అగ్నిమాపక జలం రోజువారీ సరఫరాలో 4 శాతం కూడా కాదు. నీటి కొరత కన్నా నిల్వ, రవాణాల కొరతే ఇక్కడ అసలు సమస్య అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉదాహరణ 2: జనాభా లక్ష అయితే కావలసినది 1,000 కిలోలీటర్లు. అంటే తలకు 10 లీటర్లు. 4 లక్షల పట్టణంలో తలకు 5 లీటర్లే. చిన్న పట్టణంలో మనిషి మీద పడే భారం రెట్టింపు. సంపాదన తక్కువగా ఉన్న చిన్న పురపాలక సంఘాలకు గ్రాంట్లు ఎందుకు కావాలో ఈ లెక్క చెబుతుంది.

ఉదాహరణ 3: ఒక ఫైరింజన్‌లో 4,500 లీటర్ల నీరుంటుంది, నిమిషానికి 900 లీటర్లు వదులుతుంది అనుకుందాం. 5 నిమిషాల్లో అది ఖాళీ అవుతుంది. నీరు నింపుకొని తిరిగి రావడానికి 40 నిమిషాలు పడితే ఒక్కో చక్రానికి 45 నిమిషాలు. మంటపై నీటి ధార ఆగకుండా ఉండాలంటే 9 వాహనాలు కావాలి. దగ్గరలో స్థిర తొట్టి ఉండి, రాకపోకలకు, నింపడానికి కలిపి 10 నిమిషాలే పడితే చక్రం 15 నిమిషాలు. అప్పుడు 3 వాహనాలు చాలు. ఒక్క తొట్టి ఆరు వాహనాల పని తగ్గించింది. ఆ మిగిలిన ఆరింటిని అదే సమయంలో వేరే చోటికి పంపవచ్చు. బడ్జెట్ తయారు చేసేవారు ‘కొత్త వాహనమా, కొత్త తొట్టియా’ అని ఆలోచించేటప్పుడు ఇటువంటి లెక్క వేయడం అవసరం.

8.4 బాధ్యత ఎవరిది?

74వ రాజ్యాంగ సవరణ (1992) ద్వారా చేర్చిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. వాటిలో 5వది గృహ, పారిశ్రామిక, వాణిజ్య అవసరాలకు నీటి సరఫరా. 7వది అగ్నిమాపక సేవలు. రెండూ పురపాలక సంస్థలకు అప్పగించదగినవే. అయితే 243-డబ్ల్యు అధికరణ ప్రకారం వాటిని నిజంగా అప్పగించాలా వద్దా అనేది రాష్ట్ర శాసనసభ నిర్ణయిస్తుంది.

జీడిమెట్లలో ఈ బాధ్యతలు ఎలా పంపకమయ్యాయో చూడండి.
• మంటలార్పడం: రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. దీనికి ఆధారం 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం. జీడిమెట్లలో ఈ శాఖకు ఫైర్ స్టేషన్ ఉంది.
• నీటి సరఫరా: 1989 చట్టం కింద ఏర్పడిన హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి. వాడుకలో జలమండలి.
• పారిశ్రామికవాడ రోడ్లు, స్థలాలు, వసతులు: 1973లో ఏర్పడిన ఉమ్మడి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు వారసురాలైన తెలంగాణ సంస్థ.
• చుట్టుపక్కల కాలనీల పౌర సేవలు: 2007లో కుత్బుల్లాపూర్ సహా 12 పురపాలక సంఘాలను కలిపి ఏర్పరచిన గ్రేటర్ హైదరాబాద్ వ్యవస్థ.
• విపత్తు స్పందన, చెరువుల రక్షణ: 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా.

ఒకే మంటకు ఐదు కార్యాలయాలు. ఫైరింజన్ కొనడం ఒకరి బడ్జెట్టులో, అందులో పోసే నీరు మరొకరి బడ్జెట్టులో, ఆ నీటిని నిల్వచేసే తొట్టికి కావలసిన స్థలం మూడోవారి చేతిలో ఉంటుంది. పని ఎవరిదీ కాదన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా, నలుగురి మధ్య ఉన్న పని ఆగిపోయే అవకాశం ఎక్కువ. ప్రభుత్వ పాలనాశాస్త్రంలో దీన్ని బాధ్యతల చెదురుబాటు అంటారు.

8.5 నిధుల మార్గాలు

(అ) కేంద్ర నిధులు: 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిర్వహణ నిధులకు మొత్తం 1,60,153 కోట్ల రూపాయలను సిఫారసు చేసింది. అందులో 80 శాతం స్పందన నిధి, 20 శాతం విపత్తు తీవ్రత తగ్గింపు నిధి. సాధారణ రాష్ట్రాల్లో కేంద్రం వాటా 75, రాష్ట్రం వాటా 25 శాతం. అగ్నిప్రమాదం కూడా ఈ నిధులు వర్తించే విపత్తుల జాబితాలో ఉంది. దీనికి తోడు జాతీయ నిధి నుంచి 5,000 కోట్ల రూపాయలతో రాష్ట్రాల్లో అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ పథకాన్ని కేంద్ర హోం శాఖ 2023 జూలైలో ప్రారంభించింది. అందులో 500 కోట్లను చట్టపరమైన, మౌలిక వసతుల సంస్కరణలు చేపట్టిన రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా కేటాయించారు. మొత్తం ఖర్చులో 25 శాతం రాష్ట్రం భరించాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ఈ వాటా 10 శాతమే.

(ఆ) నీటి పథకాల నిధులు: 2021 అక్టోబరులో మొదలైన అమృత్ 2.0 పట్టణాల్లో ఇంటింటికీ కుళాయి నీరు అందించడాన్ని ప్రధాన లక్ష్యంగా పెట్టుకుంది. పైపులైను వేసేటప్పుడే అగ్నిమాపక అవసరాన్ని కలిపి రూపకల్పన చేస్తే అదనపు ఖర్చు స్వల్పం. తరువాత రోడ్డు తవ్వి పెద్ద పైపు వేయాలంటే ఖర్చు అనేక రెట్లు.

(ఇ) నీటి చార్జీలు: జలమండలి తన ఆదాయంలో అధిక భాగాన్ని చార్జీల ద్వారా రాబట్టుకోవాలి. 2021 నుంచి నగరంలో గృహ వినియోగదారులకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇస్తున్నారు. పేద కుటుంబాలకు ఇది మేలు. అయితే ఆ మేరకు ఆదాయాన్ని ప్రభుత్వ సబ్సిడీయో, పారిశ్రామిక, వాణిజ్య చార్జీలో పూడ్చాలి. వాడకం మీద ఆధారపడిన ఆదాయంతో వాడని నిల్వకు పెట్టుబడి పెట్టడం ఏ సంస్థకైనా కష్టమే.

(ఈ) ఆస్తి పన్ను: మంటలార్పే నీటి వల్ల కాపాడబడేది ఆస్తి, ప్రాణం. కాబట్టి ఆస్తి విలువను బట్టి పన్ను వేయడం న్యాయమని చాలామంది ఆర్థికవేత్తల అభిప్రాయం. ఇక్కడొక చిక్కుంది. కోట్ల విలువైన ఖాళీ గిడ్డంగికి, రసాయనాలు నిల్వ ఉన్న చిన్న షెడ్డుకు ప్రమాద తీవ్రత ఒకటి కాదు. విలువతో పాటు ప్రమాద తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

(ఉ) ప్రైవేటు ఏర్పాటు: 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం ప్రకారం ఎత్తైన, పెద్ద భవనాలకు సొంత నీటి తొట్టి, పంపులు, స్ప్రింక్లర్లు ఉండాలి. మాదాపూర్, గచ్చిబౌలిలోని ఐటీ భవనాలు ఈ ఖర్చును అద్దెలో కలిపి రాబట్టుకోగలవు. జీడిమెట్లలో అద్దె షెడ్డులో నడిచే చిన్న యూనిట్‌కు ఆ శక్తి తక్కువ. బస్తీలోని ఒక గది ఇంటికి అసలే లేదు. నియమం అందరికీ ఒకటే అయినా రక్షణ మాత్రం చెల్లించే శక్తిని బట్టి అందుతుంది. ప్రభుత్వ నిధులు అవసరమని చెప్పడానికి ఇదే బలమైన కారణం.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి - 2
1. అగ్నిమాపక సేవల ఆధునికీకరణ పథకం కింద 40 కోట్ల రూపాయల ప్రాజెక్టులో తెలంగాణ వాటా ఎంత?
2. ఆస్తి పన్ను ద్వారా నిధులు సమకూర్చడంలో ఒక అనుకూల, ఒక ప్రతికూల అంశం రాయండి.

8.6 అడవి అంచున ఉన్న ఆవాసాలు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవులు ఎక్కువగా ఆకురాల్చే రకం. ఫిబ్రవరి నుంచి మే వరకు రాలిన ఆకు, ఎండిన గడ్డి సులభంగా అంటుకుంటాయి. నిప్పుకు చాలావరకు మనుషులే కారణం. అడవి లోపల మంటను ఆర్పడానికి నీరు తీసుకెళ్లడం సాధ్యం కాదు. అందువల్ల అటవీ సిబ్బంది ముందుగానే అగ్నిరేఖలు తీస్తారు, పచ్చి కొమ్మలతో కొట్టి, గాలి యంత్రాలతో ఆకు చెదరగొట్టి మంటను ఆపుతారు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండల్లో మంటలు వ్యాపించినప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లను వాడవలసి వచ్చింది.

అడవి మంటల నివారణ, నిర్వహణ పథకంలో కేంద్ర, రాష్ట్రాల వాటాలు 60:40. ఉపగ్రహాల ద్వారా గుర్తించిన మంటల సమాచారాన్ని భారత అటవీ సర్వే సంస్థ రాష్ట్రాలకు పంపుతుంది. ఈ నిధులు అడవి హద్దు వరకే పనిచేస్తాయి. నగర నీటి నిధులు కాలనీ చివరి కుళాయి వరకే పనిచేస్తాయి. దూలపల్లి వంటి చోట అడవి కంచెకు, కర్మాగారం గోడకు మధ్య ఉన్న కొద్దిపాటి మేర ఏ పథకంలోనూ ముఖ్యాంశం కాదు. నీటి తొట్లు ఎక్కువ ఉపయోగపడేది సరిగ్గా అక్కడే. వాహనం వెళ్లగలిగే దారి, పక్కనే తొట్టి ఉంటే మంట అటునుంచి ఇటుకు గాని, ఇటునుంచి అటుకు గాని దాటకుండా ఆపవచ్చు.

8.7 ఇతర దేశాల అనుభవం

అమెరికా: 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ నగరంలోని పాలిసేడ్స్ ప్రాంతంలో కార్చిచ్చు చెలరేగింది. సాధారణం కంటే నాలుగు రెట్ల వాడకం గంటల తరబడి కొనసాగడంతో, ఆ కొండ ప్రాంతానికి ఒత్తిడినిచ్చే మూడు ట్యాంకులూ ఖాళీ అయ్యాయి. ఒక్కొక్కటి సుమారు 38 లక్షల లీటర్లది. ఎత్తైన వీధుల్లో హైడ్రెంట్లు ఎండిపోయాయి. దగ్గరలోని సుమారు 44 కోట్ల లీటర్ల శాంటా యెనెజ్ జలాశయం మరమ్మతుల కోసం అప్పటికే ఖాళీగా ఉంది. నగర నీటి వ్యవస్థలను ఇళ్లలో పుట్టే మంటల కోసం రూపొందిస్తారు, కార్చిచ్చు కోసం కాదు అన్నది ఇక్కడ మొదటి పాఠం. నిర్మాణానికే కాదు, నిర్వహణకూ నిధులు కావాలన్నది రెండోది.

అదే కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం నీటి చార్జీ ఆ సేవకయ్యే ఖర్చును మించకూడదు. మరి హైడ్రెంట్ల ఖర్చు నీటి సేవలో భాగమా, కాదా? ఈ ప్రశ్న న్యాయస్థానాలకెక్కింది. హైడ్రెంట్లు నీటి సేవలో భాగమేనని 2020లో శాసనసభ చట్టం చేసింది. 2024 నవంబరులో ఓటర్లు 1,000 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించారు. ఆ నిధుల ప్రయోజనాల్లో నీరు, కార్చిచ్చు నివారణ రెండూ ఉన్నాయి. నేటి తరం కట్టిన వ్యవస్థ రేపటి తరానికీ ఉపయోగపడుతుంది కాబట్టి అప్పు తీసుకొని రెండు తరాల మధ్య భారాన్ని పంచడం బాండ్లలోని తర్కం.

న్యూజిలాండ్: అగ్నిమాపక సేవల ఖర్చులో అధిక భాగాన్ని ఆస్తి బీమాపై విధించే సుంకం ద్వారా రాబడతారు. బీమా చేయనివారు ఏమీ చెల్లించకుండానే సేవ పొందడం దీనిలోని లోపం.

స్విట్జర్లాండ్: 1986 నవంబరు 1న బాసెల్ దగ్గర ఒక రసాయన గిడ్డంగి మంటలార్పిన నీరు విషపదార్థాలతో కలిసి రైన్ నదిలోకి చేరి, చాలా దూరం వరకు చేపలు చనిపోయాయి. మంటలార్పిన నీటిని పట్టి ఉంచే ఏర్పాటు కూడా ఈ వ్యవస్థలో భాగమేనని ఆ ప్రమాదం తరువాత ఐరోపా దేశాలు గ్రహించాయి.

8.8 జీడిమెట్లకు అన్వయం

పై అంశాలను కలిపి చూస్తే జీడిమెట్ల వంటి ప్రాంతానికి నాలుగు సూచనలు చేయవచ్చు.

మొదటిది, స్థిర తొట్లు. వీటికి తాగునీరే అక్కరలేదు. శుద్ధి చేసిన మురుగునీరు, చెరువు నీరు సరిపోతాయి. జీడిమెట్లకు ఫాక్స్ సాగర్ అనే కొల్ల చెరువు దగ్గరలోనే ఉంది. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు నిండి ఉమామహేశ్వర కాలనీ మునిగింది. వానాకాలంలో ముంచే నీటినే ఎండాకాలపు రక్షణగా మలచుకోవడానికి వాహనం ఆగే గట్టు, నీరు తోడే పాయింటు ఉంటే చాలు. చెరువు కాపాడుకోవడం అగ్నిమాపక విధానంలో కూడా భాగమని దీన్నిబట్టి గ్రహించండి.

రెండోది, వ్యయ విభజన. పెట్టుబడిని కేంద్ర, రాష్ట్ర గ్రాంట్ల నుంచి, నిర్వహణను ప్రమాద తీవ్రతను బట్టి పరిశ్రమలపై వేసే వార్షిక రుసుము నుంచి రాబట్టవచ్చు. కార్మికుల బస్తీల వాటాను సాధారణ ఆదాయం నుంచి భరించాలి. ప్రమాదాన్ని సృష్టించింది వారు కాదు, దాని పక్కన నివసిస్తున్నది మాత్రం వారు.

మూడోది, వాడిన నీటి పట్టివేత. జీడిమెట్ల పరిశ్రమల వ్యర్థజలాల కోసం 1989లోనే ఉమ్మడి శుద్ధి కర్మాగారం ఏర్పడింది. పరిశ్రమలు కలిసి ఖర్చు పంచుకోగలవనడానికి అదే సాక్ష్యం. మంటలార్పిన నీటిని నాలాలోకి పోనివ్వకుండా ఆపే గుంతలను అదే పద్ధతిలో నిర్మించవచ్చు.

నాలుగోది, ఒకే జవాబుదారీ. ఏ తొట్టి నిండుగా ఉంది, ఏ పంపు పనిచేస్తోంది అన్న వివరాలు ఒకే రిజిస్టరులో ఉండి, ఫిబ్రవరి నెలలో ఏటా తనిఖీ జరగాలి. శాంటా యెనెజ్ జలాశయం నేర్పిన పాఠం ఇదే. కట్టడం వేరు, నిండుగా ఉంచడం వేరు.

8.9 సారాంశం

మంటలార్పే నీరు ప్రజా వస్తువు. దాని పరిమాణం తక్కువైనా నిల్వకు, ఒత్తిడికి స్థిర వ్యయం ఎక్కువ. మీటరు చార్జీలతో అది సమకూరదు. రాజ్యాంగం నీటి సరఫరాను, అగ్నిమాపక సేవలను ఒకే షెడ్యూలులో ఉంచినా, ఆచరణలో అవి వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్నాయి. విపత్తు నిధులు, ఆధునికీకరణ పథకం, నీటి పథకాలు, ఆస్తి పన్ను, పరిశ్రమల రుసుము అనే మార్గాలను కలిపి వాడాలి. ఎవరికి ప్రమాదం ఎక్కువో, ఎవరికి చెల్లించే శక్తి తక్కువో వారి రక్షణే ప్రభుత్వ వ్యయానికి మొదటి ప్రాతిపదిక కావాలి.

8.10 ముఖ్య పదాలు

ప్రజా వస్తువు: లాభం నుంచి ఎవరినీ మినహాయించలేని వస్తువు లేదా సేవ.
స్థిర వ్యయం: వాడకంతో సంబంధం లేకుండా భరించవలసిన ఖర్చు.
స్థిర తొట్టి: మంటలార్పడానికి మాత్రమే నీటిని నిల్వ ఉంచే కట్టడం.
అగ్నిరేఖ: మంట దాటకుండా అడవిలో ఆకు, గడ్డి తొలగించి తీసిన ఖాళీ పట్టీ.

8.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అగ్నిమాపక జలవ్యవస్థలకు ఉన్న వివిధ నిధుల మార్గాలను, వాటి గుణదోషాలను చర్చించండి.
2. బాధ్యతల చెదురుబాటు వల్ల కలిగే సమస్యలను జీడిమెట్ల ఉదాహరణతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 9 లక్షల జనాభా గల నగరానికి కావలసిన అగ్నిమాపక జలాన్ని లెక్కగట్టి, అందులో ఎంత స్థిర తొట్లలో ఉండాలో చెప్పండి.
2. 2025 లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు నుంచి మన నగరాలు నేర్చుకోదగిన పాఠాలు ఏవి?

III. అభ్యాసం
మీరు నివసించే వీధి నుంచి దగ్గరలోని ఫైర్ స్టేషన్ ఎంత దూరంలో ఉందో, ఫైరింజన్ నీరు నింపుకోగల అతి దగ్గరి చోటు ఏదో తెలుసుకొని, ఉదాహరణ 3లోని పద్ధతిలో మీ వీధికి ఎన్ని వాహనాలు కావాలో లెక్కవేయండి. ఆ వివరాలను సంప్రదింపు తరగతిలో తోటి విద్యార్థులతో పోల్చి చూడండి.

‘మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి’ - సమాధానాలు
1 - 1: దాని వాడకం అరుదు, ఖర్చు వాడకం మీద కాక సిద్ధంగా ఉంచడం మీద ఆధారపడుతుంది, లాభం అందరికీ చెందుతుంది.
1 - 2: సరఫరా లేని సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి హైడ్రెంటు పనిచేయదు.
2 - 1: 10 కోట్ల రూపాయలు.
2 - 2: అనుకూలం: రక్షణ పొందే ఆస్తికి తగిన చెల్లింపు. ప్రతికూలం: ఆస్తి విలువ ప్రమాద తీవ్రతను సూచించదు.